బక్కగుఱ్ఱము – పందెపు బాట

మహాభారతారణ్యపర్వమున నలోపాఖ్యానమునందలి ఒక ఘట్టము పందెపు బండ్లను గూర్చి యోచించువారికి స్మరణీయమైనది. దమయంతి పునఃస్వయంవర వార్త విని ఋతుపర్ణ మహారాజు ఒక్క దినములో అయోధ్యనుండి విదర్భ చేరవలెనని త్వరపడెను. బాహుకుని రూపమున నున్న నలుడు గుఱ్ఱపుసాలకు పోయి, బక్కచిక్కిన గుఱ్ఱములను ఏరి తెచ్చి రథమునకు పూన్చెను. రాజు వానిని చూచి కినిసెను. ఇంత దవ్వు ఇవి ఎట్లు లాగగలవని శంకించెను. సారథి చలింపలేదు. ఒడలి పుష్టిని గాక గుణమును చూచి ఎన్నుకొన్నవాడతడు. ఆ దినము సాయంకాలమునకే రథము విదర్భను చేరినది.

వేయేండ్లుగా తెలుగువారు చదువుకొనుచున్న ఈ కథలోని మర్మము నేటి మోటారు పందెములకును చెల్లును. లక్షలకు లక్షలు పోసి కొన్న కారే పందెమున గెలుచునన్నది ధనికుని భ్రమ; తన చిన్న కారుతో ఏమియు చేయలేనన్నది పేదవాని నిరాశ. రెండును సత్యమునకు దూరములే.

హైదరాబాదు తూర్పు దిక్కున మన్సూరాబాదు కలదు. ఒకప్పుడది పొలిమేర గ్రామము. 2007లో ఎల్.బి. నగర్ పురపాలక సంఘము మహానగరమున విలీనమైనది. 2018లో మెట్రో రైలు ఎల్.బి. నగర్ కూడలికి వచ్చినది. నేడు మన్సూరాబాదులో కాలనీల నడుమ కాలనీలు, ఇంటింటి ముందు ఒక చిన్న కారు. చేరువనే విజయవాడ రహదారి. ఆ దారి వెంట వనస్థలిపురము కడ ఆటోనగరు. లేతు పనివారు, వెల్డింగు పనివారు, టింకరింగు మేస్త్రీలు, పాత స్పేరు పార్టుల దుకాణములు, అన్నియు కొద్దిపాటి దూరములో ఉన్నవి. ఇంకను ముందుకు సాగిన పెద్ద అంబరుపేట కడ 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి. పనిముట్లు, పనివారలు, వయసు, ఉత్సాహము, విశాలమైన రోడ్డు – ఇన్ని ఒకచోట చేరినపుడు వేగకాంక్ష పుట్టుట సహజము. ఆ కాంక్షను ఏ దారి పట్టింపవలెనన్నదే ప్రశ్న.

కోయంబత్తూరు నేర్పిన పాఠము

1983 డిసెంబరు 14వ తేదీన తొలి మారుతీ 800 కారు తాళపుచెవులు కొనుగోలుదారుని చేతికి అందినవి. 796 సి.సి.ల, మూడు సిలిండర్ల ఇంజను. సుమారు 37 గుఱ్ఱముల బలము. సుమారు 650 కిలోల బరువు. మధ్యతరగతి కుటుంబమునకు వానలో తడువక ఆలుబిడ్డలతో పోవు సౌకర్యము కల్పించుటకే అది పుట్టినది గాని పందెములకు కాదు. 2014లో దాని ఉత్పత్తి ముగిసినది. ఐనను ఆ బండ్లు నేటికిని చేతులు మారుచునే యున్నవి.

ఈ ఇంటికారు ఇంజనులో పందెపు శక్తిని కనుగొన్నవాడు కోయంబత్తూరు వాస్తవ్యుడైన ఎస్. కరివర్ధన్. కుప్పుస్వామి నాయుడుగారు 1910లో స్థాపించిన లక్ష్మీ మిల్లుల కుటుంబమువాడతడు. తరతరాలుగా తమిళనాట స్థిరపడిన తెలుగు నాయుడుల సంతతి. స్వయముగా పందెగాడు. విదేశముల నుండి పందెపు కార్లను తెప్పించుకొను స్తోమత నూటికి తొంబదిమందికి లేదని అతడు గుర్తించెను. 1988లో మారుతీ 800 ఇంజనును ఆధారము చేసికొని, చక్రములు బయటకు కనబడు ఒంటికుర్చీ పందెపు కారును నిర్మించెను. దానికే ఫార్ములా మారుతీ అని పేరు. ఇంజను చెడిన ఏ ఊరి షెడ్డులోనైనను భాగములు దొరకును. అందరి బలము సమానమగుటచేత గెలుపు ధనమును గాక నేర్పును ఆశ్రయించును.

కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదమున మరణించెను. అతడు నాటిన విత్తు మాత్రము మరణింపలేదు. అతని బంధువర్గమునకే చెందిన నారాయణ్ కార్తికేయన్ తన తొలి పందెమును ఫార్ములా మారుతీలోనే నడపెను. 2005లో ఫార్ములా వన్ పందెములలో ప్రవేశించిన తొలి భారతీయుడతడే. ప్రపంచపు అత్యున్నత పందెమునకు నిచ్చెన యొక్క మొదటి మెట్టు ఎనిమిదివందల సి.సి.ల ఇంటికారు ఇంజను! కోయంబత్తూరు సమీపమున రెండు కిలోమీటర్లకు పైబడిన పందెపు బాట నేడు కరివర్ధన్ పేరనే పిలువబడుచున్నది.

ఇంగ్లండులోను ఇట్టి కథ యొకటి జరిగినది. 1959లో అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన మినీ కారు పెట్రోలు కొరతకు విరుగుడుగా పుట్టిన పొదుపు బండి. దానికి పది అంగుళముల చక్రములు. జాన్ కూపరు అనునతడు దాని చురుకుదనమును పసిగట్టి మెరుగుపరచెను. 1964, 1965, 1967 సంవత్సరములలో మాంటికార్లో ర్యాలీని ఆ బుల్లికారే గెలిచినది. మంచుతో కప్పబడిన కొండదారుల మలుపులలో పెద్ద ఇంజనుల బలము నిరుపయోగము కాగా, చిన్నదాని తేలికతనమే రాణించినది.

మొదట ఆగుట, పిమ్మట పరుగు

పందెమునకు కారును సిద్ధపరుపబూనిన యువకుడు సామాన్యముగా చేయు మొదటి పని సైలెన్సరు మార్చుట. శబ్దము పెరుగును, వేగము పెరుగదు. అనుభవజ్ఞుడైన మేస్త్రీ ఈ వరుసను తలక్రిందులు చేయును. అతడు మొదట బ్రేకులను చూచును, తరువాత టైర్లను, ఆ పిమ్మట బరువును, చిట్టచివర ఇంజనును.

దీనికి కారణము లెక్కలో నున్నది. వేగము రెట్టింపైన కారులోని చలనశక్తి నాలుగు రెట్లగును. చోదకునితో కలిపి 720 కిలోల కారు గంటకు 120 కిలోమీటర్ల వేగముతో పోవుచుండగా బ్రేకు వేసి నిలిపినచో, వెలువడు వేడిమి లీటరుకు పైబడిన నీటిని తెర్లకాచుటకు చాలును. ఇది ఒక్కమారు ఆపినందులకే. పందెమున ప్రతి మలుపునందును ఆ వేడిమి పుట్టుచునే యుండును. బ్రేకు ద్రవము గాలిలోని తేమను పీల్చు స్వభావము గలది. డాట్ 3 తరగతి ద్రవము క్రొత్తదైనపుడు 205 డిగ్రీల వరకు మరుగరాదని నియమము. తేమ పీల్చిన పిమ్మట 140 డిగ్రీలకే మరుగవచ్చును. మరిగిన ద్రవములో ఆవిరి బుడగలు చేరును. పెడలు నేలకు తాకును గాని కారు ఆగదు. కొద్ది రూకలతో ద్రవమును మార్చి, అంతకంటె మేలైన డాట్ 4 తరగతిది పోయించి, వేడిమికి తట్టుకొను ప్యాడ్లు వేయించుట ప్రాణమును కొనుటయే.

తరువాతివి టైర్లు. కారు ఎంత పెద్దదైనను భూమిని తాకునది నాలుగు అరచేతులంత రబ్బరు మాత్రమే. పరుగుదీయుటకు, ఆగుటకు, తిరుగుటకు ఆధారము అదియే. మంచి టైర్లు, సరియైన గాలి, చక్రముల అలైన్‌మెంటు, వదులుగాని స్ప్రింగులు, షాక్ అబ్సార్బర్లు – వీనిపై వెచ్చించిన రూపాయి ఇంజనుపై వెచ్చించిన పది రూపాయల పెట్టు.

ఆ పిమ్మట బరువు. వెనుక సీటు, తివాచీ, అదనపు చక్రము మున్నగునవి తొలగించి 65 కిలోలు తగ్గించినచో, ఇంజనును ముట్టుకొనకయే నాలుగు గుఱ్ఱముల బలమును చేర్చినంత ఫలము కలుగును. అంతేకాదు, తేలికైన కారు త్వరగా ఆగును, మలుపులో తక్కువ జారును. పెంచిన బలము పరుగునకు మాత్రమే ఉపకరించును; తగ్గించిన బరువు అన్నిటికిని ఉపకరించును.

కాని తగ్గించిన బరువులో కొంత మరల చేర్చుకొనక తప్పదు. అదియే ఉక్కు పంజరము. కారు పల్టీకొట్టినపుడు పైకప్పు నలిగి చోదకుని తలపై పడకుండ కాచునది ఇది. అంతర్జాతీయ నియమముల ప్రకారము ముఖ్యమైన విల్లు 45 మిల్లీమీటర్ల వ్యాసము, రెండున్నర మిల్లీమీటర్ల మందముగల అతుకులేని ఉక్కు గొట్టముతో చేయవలెను. కిటికీ గ్రిల్లులు చేయు గొట్టములతో పంజరము కట్టినవాడు చోదకునకు కవచము కాదు, ఉరిబోను కట్టినవాడగును. భుజములను నడుమును పట్టియుంచు బెల్టులు, హెల్మెట్టు, నిప్పు తట్టుకొను దుస్తులు, మంటలార్పు సిలిండరు, బయటినుండి విద్యుత్తును ఆపు మీట – వీనినెల్ల తనిఖీదారు పరీక్షించి సరియనిన తరువాతనే కారు బాటపైకి పోవలెను.

చివర ఇంజను. అందును మొదట ఆరోగ్యము, తరువాత బలము. వాల్వుల సందులు సరిచూచుట, రేడియేటరు శుభ్రపరచుట, నూనె మార్చుట – ఇంతతోనే అరిగిన ఇంజను తన తొల్లింటి బలమును చాలవరకు పొందును. హెడ్డును అరగదీసి పీడనము మితిమీరి పెంచినచో పెట్రోలు వేళకు ముందే అంటుకొని పిస్టనులను పగులగొట్టును.

ఇన్ని చేసినను ఆ కారు వేగమున పెద్దకార్లకు సాటిరాదు. కాని గురుత్వమున వానిని మించును. బలముగల కారులో మలుపున తప్పుచేసినవాడు ఆక్సిలేటరు త్రొక్కి ఆ తప్పును కప్పిపుచ్చుకొనును. చిన్నకారులో పోగొట్టుకొన్న వేగము తిరిగిరాదు. ప్రతి దోషమును గడియారము పట్టియిచ్చును.

బాట ఏది?

ఇక అసలు చిక్కు. సిద్ధమైన కారు ఎక్కడ పరుగెత్తవలెను? ప్రభుత్వపు వ్రాతపూర్వకమైన అనుమతి లేక బహిరంగస్థలమున పందెమాడుట మోటారు వాహనముల చట్టము 189వ విభాగము క్రింద నేరము. 2019 సవరణచే తొలి తప్పునకే మూడు నెలల వరకు చెర, ఐదువేల రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. నమోదైన కారు రూపమును ఇచ్ఛవచ్చినట్లు మార్చుటయు 52వ విభాగము నిషేధించినది. కావున పందెమునకు మార్చిన కారును లారీపై ఎక్కించి బాటకు తీసికొనిపోవుటయే ధర్మము. కాని చట్టముకంటె పెద్దమాట మరియొకటి కలదు. రాత్రివేళ బాహ్యవలయ రహదారిపై పోవు కూరగాయల లారీవాడు, ఊరినుండి బిడ్డలతో వచ్చు గృహస్థు ఆ పందెమున చేరుటకు ఒప్పుకొన్నవారు కారు. ఇతరుల ప్రాణమును పణముగా నొడ్డినది క్రీడ కాజాలదు.

మద్రాసు యువకులకు ఈ చిక్కు ఏనాడో తీరినది. 1953లో మద్రాసు మోటారు క్రీడల సంఘమును స్థాపించినవారు, నెల్లూరు దారిలోని షోలవరము కడ యుద్ధకాలపు పాత విమానాశ్రయమును పందెపు బాటగా చేసికొనిరి. పిమ్మట శ్రీపెరుంబుదూరు చేరువ ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల శాశ్వతమైన బాటను నిర్మించిరి. 1990లో అది తెరువబడినది. హైదరాబాదునకు మెరుపువంటి వైభవమొకటి వచ్చినది: 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగరు తీరమున విద్యుత్ కార్ల ప్రపంచ పందెము జరిగినది. మరుసటి యేటి పందెము రద్దయినది. ఆ తళుకు చూచి ఉవ్విళ్లూరిన యువకునకు మిగిలినదేమి? మరల ఆ బాహ్యవలయ రహదారియే గదా!

అంతర్జాతీయ వైభవముగల బాట అక్కరలేదు. పందెములలో ఆటోక్రాసు అనునది కలదు. చదునైన మైదానము, రబ్బరు శంకువులు, గడియారము, అంబులెన్సు, అధికారిక సంఘపు అనుమతి ఉన్న చాలును. కార్లు ఒకదాని తరువాత ఒకటి కాలముతో పోటీపడును. వేగము స్వల్పము, నేర్పు అధికము. నిర్ణీత కాలములో నిర్ణీత దూరము పోవు ర్యాలీలు ఇంకను సులభములు. వానిలో వేగమునకు గాక లెక్కకు బహుమానము. క్రికెట్టునకు మైదానమును, ఈతకు కొలనును కల్పించు నగరము వేగమునకు కొన్ని యెకరముల నేలను కల్పింపజాలదా?

యువకుని వేగకాంక్షను తిట్టి చంపజాలము. దారి చూపి సాకవచ్చును. ఆటోనగరు మేస్త్రీ చేతిలో పనితనమున్నది, మన్సూరాబాదు యువకుని కాలిలో చురుకున్నది, ముంగిట చిన్నకారున్నది. లేనిది బాట. దానిని కల్పించు బాధ్యత పెద్దలది. అది కల్పింపబడు వరకు తాళపుచెవిని జేబులో నుంచుకొను నిగ్రహము యువకులది.