మోడెమ్ వారిది – రౌటర్ మనది

మన ఊళ్ళకు విద్యుత్తు వచ్చిన కొత్తలో పెద్దలు ఒక నియమం నేర్చుకున్నారు. మీటరు వరకు వచ్చే తీగ విద్యుచ్ఛాఖవారిది. మీటరు దాటి గదులలోనికి పోయే తీగ ఇంటివారిది. దీపం వెలుగకపోతే ముందు మీటరు వద్ద కరెంటు ఉన్నదా, లేదా అని చూస్తాము. అది తేలితే పిలువవలసినది లైన్‌మన్‌నా, వీధి చివరి ఎలక్ట్రీషియన్‌నా అన్నది కూడా తేలిపోతుంది. కుళాయి నీటికీ ఇదే నియమం.

నేడు విద్యుత్తు వలెనే అంతర్జాలం కూడా ఇంటింటా ప్రవేశించింది. ప్రవేశ దరఖాస్తులు, పరీక్షా ఫలితాలు, ఉపకారవేతనాలు, ఉద్యోగ ప్రకటనలు అన్నీ ఆ మార్గముననే వస్తున్నవి. అయితే ఈ అంతర్జాలానికి 'మీటరు' ఎక్కడ ఉన్నదో ఎరిగినవారు మనలో తక్కువ. కారణమేమనగా, సేవాసంస్థవారు గోడకు బిగించిపోయే ఒకే పెట్టెలో వారి పనీ, మన పనీ కలిసిపోయి ఉన్నవి. ఆ రెండింటినీ విడదీసి చూపటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ సంగతి నేను పుస్తకంలో చదివి తెలుసుకొనలేదు. పొరపాటు చేసి తెలుసుకున్నాను. మాది రాతిగోడల పాత ఇల్లు. ఫైబర్ పెట్టె వీధిగదిలో ఉన్నది. వెనుక గదిలో చదువుకునే మా ఆపా కూతురికి వైఫై అందేది కాదు. ఒకనాడు నేను అంగడికి పోయి కొత్త రౌటర్ కొనితెచ్చి, సంస్థవారి పెట్టెకు తీగతో కలిపాను. దీపాలు వెలిగినవి గాని పేజీలు తెరుచుకోలేదు. తప్పు సంస్థవారి పెట్టెలో ఉన్నదనుకొని, దాని వెనుకనున్న చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చి పది సెకండ్లు అదిమిపట్టాను. దానితో ఉన్న అంతర్జాలం కూడా పోయింది.

ఆ మరునాడే ఆ పిల్లకు ఇంజనీరింగ్ ప్రవేశాల వెబ్ ఆప్షన్లకు చివరి దినం. సంస్థకు ఫోను చేస్తే మనిషి వచ్చేది మూడవనాడన్నారు. రాతిగోడల మధ్య ఫోను సిగ్నలు నిలువదు. "మామూ, రేపటితో గడువు అయిపోతుంది" అని ఆమె అన్నది ఒక్కమాటే. మరునాటి సాయంత్రం బస్టాండు దగ్గరి నెట్ సెంటరుకు తీసుకొనిపోయి, వరుసలో నిలబడి, రాత్రి పది గంటలకు ఆ పని ముగించాము. తొందరలో రెండు కళాశాలల క్రమం తారుమారైనది. సీటు వచ్చింది గాని, ఆమె ముందుగా కోరుకున్న చోట రాలేదు. ఆమె నన్ను ఏమీ అనలేదు. నేను మాత్రం ఆ పెట్టె లోపల ఏమి జరుగుతున్నదో తెలుసుకోవలెనని ఆనాడే నిశ్చయించుకున్నాను.

సంస్థవారి పెట్టె చేసే మొదటి పని మోడెమ్ పని. వీధిలోనుండి వచ్చే ఫైబర్ అనగా వెంట్రుకవంటి గాజుతంతువు. అందులో సమాచారం కాంతిరూపంలో ప్రయాణిస్తుంది. మన దేశంలో విరివిగా ఉన్న జి-పాన్ పద్ధతిలో ఇంటికి వచ్చే సమాచారం 1490 నానోమీటర్ల కాంతిపైనా, ఇంటినుండి పోయేది 1310 నానోమీటర్ల కాంతిపైనా నడుస్తాయి. అందువల్లనే ఒకే తంతువులో రాకపోకలు రెండూ ఢీకొనకుండా సాగుతున్నవి. ఆ కాంతిని విద్యుత్ సంకేతంగా మార్చే పరికరాన్ని ఓ.ఎన్.టి. అంటారు, వాడుకలో మోడెమ్ అనే అంటున్నాము. అది తన క్రమసంఖ్యతో సంస్థవారి కేంద్రంలో నమోదై ఉంటుంది. కనుక దానిని తీసివేసి బజారులో మరొకటి కొని తగిలించినంత మాత్రాన పని జరగదు. ఇది మీటరు వంటిది. ఇది వారిది.

రెండవది రౌటర్ పని. దీనిని మన కళాశాల వసతిగృహంతో పోల్చి చెప్పవచ్చు. వసతిగృహానికి తపాలా చిరునామా ఒక్కటే. గదులు మాత్రం అనేకం. ఉత్తరాలన్నీ వార్డెను గారి బల్లమీదికి వస్తాయి. ఏ ఉత్తరం ఏ గదికి చెందినదో ఆయన తన పుస్తకం చూచి పంపుతారు. ఇంటిలోని ఫోనులకు, కంప్యూటర్లకు రౌటర్ ఇటువంటి వార్డెను. అది ఒక్కొక్క పరికరానికి 192.168.1.5, 192.168.1.6 అన్నట్లు గదిసంఖ్యలు ఇస్తుంది. బయటి ప్రపంచానికి మాత్రం ఒకే చిరునామా చూపుతుంది. ఈ ఏర్పాటుకు నాట్ అని పేరు. దీని అవసరం ఎందుకు కలిగిందనగా, అంతర్జాలపు పాత పద్ధతిలో చిరునామాలు మొత్తం సుమారు 429 కోట్లు మాత్రమే. అవి ప్రపంచానికి చాలవని ముందే గ్రహించి 1994లో ఈ నాట్ విధానాన్ని ప్రకటించారు. ప్రపంచస్థాయి నిల్వలోని చివరి చిరునామాల భాగాలను 2011 ఫిబ్రవరిలో పంచివేశారు.

ఇప్పుడు నేను చేసిన తప్పు పాఠకులకు సులభంగా బోధపడుతుంది. సంస్థవారి పెట్టెలో ఒక వార్డెను ముందే ఉన్నాడు. నేను తెచ్చిన రౌటర్‌లో మరొక వార్డెను ఉన్నాడు. ఇద్దరూ తమ గది సంఖ్య 192.168.1.1 అనే చెప్పుకున్నారు. ఇక ఉత్తరం ఎటు పోవలెనో తెలియలేదు. నేను చేయవలసినదల్లా కొత్త రౌటర్ గదిసంఖ్యల వరుసను 192.168.5 అని మార్చటమే. అది చేయక, రీసెట్ రంధ్రంలో పిన్ను గుచ్చి సంస్థవారు అమర్చిన వివరాలన్నీ చెరిపివేశాను. సంస్థ పెట్టెపైనున్న ఆ రంధ్రం జోలికి ఎన్నడూ పోవద్దని విద్యార్థి మిత్రులకు నా మొదటి మనవి.

రెండవ మనవి: రౌటర్ కొనబోయే ముందు రోగం ఎక్కడ ఉన్నదో పరీక్షింపవలెను. కంప్యూటరును తీగతో నేరుగా సంస్థవారి పెట్టెకు కలిపి వేగం కొలవండి. తరువాత ఆ పెట్టె పక్కనే నిలిచి వైఫైపై కొలవండి. ఆ తరువాత దూరపు గదిలో కొలవండి. తీగపైననే వేగం తక్కువగా ఉంటే తప్పు గడప బయట ఉన్నది. ఎంత ఖరీదైన రౌటర్ తెచ్చినా అది తీరదు. తీగపై బాగుండి దూరపు గదిలో మాత్రమే తగ్గితే తప్పు మన గోడలది. అప్పుడు కూడా ముందుగా ఆ పెట్టెను ఇంటి నడుమకు, కొంచెం ఎత్తుకు మార్పించి చూడండి. 5 గిగాహెర్ట్‌జ్ తరంగం వేగమైనది గాని గోడలను అంతగా దాటలేదు, 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగం నిదానమైనది గాని గోడలను కొంత మేలుగా దాటుతుంది. ఇంత మాత్రం తెలుసుకుంటేనే కొందరికి రౌటర్ ఖర్చు తప్పుతుంది.

అప్పటికీ అవసరమని తేలితే సొంత రౌటర్‌ను మూడు విధాలుగా అమర్చుకోవచ్చు.

మొదటిది, సంస్థవారి పెట్టె వెనుక మన రౌటర్‌ను మరొక వార్డెనుగా నిలపటం. గదిసంఖ్యల వరుసలు వేరుగా ఉంటే ఇది చక్కగా పనిచేస్తుంది. చదువుకు, వీడియో పాఠాలకు ఏ లోటూ ఉండదు. అయితే ఉత్తరం ఇద్దరు వార్డెనుల చేతులు దాటవలసి ఉంటుంది. కనుక బయటినుండి నేరుగా ఇంటి కంప్యూటరును చేరవలసిన పనులలోనూ, కొన్ని ఆటలలోనూ చిక్కులు వస్తాయి.

రెండవది, మన రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ పద్ధతిలో ఉంచటం. అప్పుడది వార్డెను పని మాని, వైఫైని దూరపు గదికి అందించే బంట్రోతు పని మాత్రమే చేస్తుంది. గదిసంఖ్యలు ఇచ్చేది సంస్థవారి పెట్టే. వెనుక గదికి వైఫై చాలునన్న ఇంటికి ఇదే ఉత్తమం, సులభం. ఇప్పుడు మా ఇంట ఉన్నది ఇదే. వీధిగదినుండి వెనుక గది వరకు ఒక తీగ లాగించి, దాని చివర రౌటర్ పెట్టాను.

మూడవది, బ్రిడ్జ్ పద్ధతి. ఇందులో సంస్థవారి పెట్టె వార్డెను పదవికి రాజీనామా చేసి, కాంతిని విద్యుత్తుగా మార్చే పనికే పరిమితమౌతుంది. వార్డెను పని అంతా మన రౌటర్‌దే. ఇది అన్నిటికంటె పరిశుభ్రమైన ఏర్పాటు. ఎవరి హద్దు వారిది. కాని దీనికి సంస్థవారి సమ్మతి, సహాయం కావలెను. అనేక సంస్థలు పి.పి.పి.ఓ.ఇ. అనే పద్ధతి వాడుతున్నవి. దానికి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కావలెను. కొన్ని చోట్ల వీలాన్ అనే సంఖ్య కూడా అడుగుతుంది. కొందరు పరికరపు మ్యాక్ చిరునామాను తమ వద్ద నమోదు చేసుకుంటారు. అట్టిచోట కొత్త రౌటర్ చిరునామాను వారికి తెలుపవలెను. ల్యాండ్‌లైన్ ఫోను ఆ పెట్టెకే తగిలించి ఉంటే, మార్పు తరువాత అది మోగుతుందా అని ముందే అడగండి. మరొక సంగతి: మీ రౌటర్‌కు బయటివైపున వచ్చిన చిరునామా 100.64 మొదలు 100.127 వరకు ఉన్న వరుసలోనిదైతే, సంస్థవారి కేంద్రంలోనే మరొక పెద్ద వార్డెను ఉన్నాడని అర్థం. అప్పుడు బ్రిడ్జ్ చేసినా ఇంటికంటూ ప్రత్యేక చిరునామా దక్కదు.

కొన్ని ఊళ్ళలో స్థానిక కేబుల్ ఆపరేటర్లు పెట్టె ఏదీ ఇవ్వక, కంప్యూటరు తీగనే ఇంటిలోనికి తెచ్చి విడిచిపోతారు. అట్టి ఇళ్ళలో ఈ తగవే లేదు. మొదటినుండీ రౌటర్ ఇంటివారిదే.

అంగడిలో రౌటర్ కొనేటప్పుడు పెట్టెమీద పెద్ద అక్షరాలతో వేసిన వైఫై వేగాన్ని చూచి మోసపోరాదు. తీగ తగిలించే రంధ్రం వేగం 100 మెగాబిట్లా, 1000 మెగాబిట్లా అని అడగండి. నెలకు 200 మెగాబిట్ల పథకానికి సొమ్ము చెల్లిస్తూ 100 మెగాబిట్ల రంధ్రమున్న రౌటర్ పెట్టుకుంటే సగం సొమ్ము వృథా.

సొంత రౌటర్ అంటే సొంత బాధ్యత అని కూడా మరువరాదు. సంస్థవారు తమ పెట్టెను సాధారణంగా దూరంనుండే చక్కదిద్దుతుంటారు. మన రౌటర్‌ను చక్కదిద్దవలసినది మనమే. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము, కర్మాగారంలో వేసిన పాస్‌వర్డ్ మార్చని కెమెరాలను, రౌటర్లను లక్షల సంఖ్యలో వశపరచుకొని పెద్ద పెద్ద వెబ్‌సైట్లను స్తంభింపజేసింది. అదే సంవత్సరం నవంబరులో ఆ జాతి దాడివల్లనే జర్మనీలో సుమారు 9 లక్షల ఇళ్ళ రౌటర్లు మూలపడినవి. కనుక రౌటర్ కొన్ననాడే దాని నిర్వాహక పాస్‌వర్డ్ మార్చండి. వైఫైకి 2018లో వచ్చిన డబ్ల్యు.పి.ఏ.-3 రక్షణ గాని, కనీసం డబ్ల్యు.పి.ఏ.-2 గాని పెట్టండి. రౌటర్ తయారుచేసినవారు పంపే సవరణలను రెండు మూడు నెలలకొకసారి చూచుకోండి.

సంస్థవారి తీగకు మన పరికరం తగిలించుకునే హక్కు మనకున్నదా అన్న ప్రశ్న కొత్తది కాదు. అమెరికాలో టెలిఫోను కంపెనీ తన లైనుకు పరుల పరికరం ఏదీ తగిలించరాదని శాసించేది. కార్టర్‌ఫోన్ అనే పరికరం విషయంలో 1968లో అక్కడి సమాచార కమిషన్, వ్యవస్థకు హాని కలుగనంతవరకు చందాదారు తన పరికరం కలుపుకోవచ్చునని తీర్పు చెప్పింది. జర్మనీలో 2016 ఆగస్టు 1 నుండి మోడెమ్, రౌటర్ రెండింటినీ చందాదారు తానే ఎన్నుకునే హక్కు చట్టరూపంలో అమలుకు వచ్చింది. మన దేశంలో ఒక్కొక్క సంస్థ పద్ధతి ఒక్కొక్క విధంగా ఉన్నది. కనుక కనెక్షను తీసుకునే నాడే, ఫారంపై సంతకం చేయక మునుపే, "బ్రిడ్జ్ చేసి ఇస్తారా? యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మాకు ఇస్తారా?" అని అడిగి తెలుసుకోవటం వివేకవంతుల లక్షణం.

కళాశాల కమిటీ పెద్దలకు కూడా ఒక విన్నపం. గ్రంథాలయంలోనూ, వసతిగృహంలోనూ ఉన్న కనెక్షన్ల వివరాలను ఒక కాగితంపై వ్రాయించి కార్యాలయపు బీరువాలో భద్రపరచితే, ప్రవేశాల గడువుల వేళ, ఉపకారవేతన దరఖాస్తుల వేళ విద్యార్థులకు ఎంతో మేలు కలుగుతుంది. ఖర్చు ఒక కాగితం మాత్రమే.

మా ఇంటి అలమర తలుపు లోపలివైపున అట్టి కాగితం ఒకటి అంటించి ఉన్నది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీలాన్ సంఖ్య, సంస్థవారి ఫోను నెంబరు అందులో ఉన్నవి. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఆ పిల్ల దాని అడుగున ఎర్రసిరాతో ఒక వాక్యం చేర్చింది: "మామూ, పిన్ను ముట్టవద్దు."