రాజునకు పైనున్న శాసనము



గడచిన నెలలో మా తోట బడిలో నేను పిల్లలకు రాజుల మొదటి గ్రంథము ఇరువదియొకటవ అధ్యాయమును చెప్పుచుంటిని. అహాబు రాజు నాబోతు ద్రాక్షతోటను కోరుటయు, నాబోతు తన పితరుల స్వాస్థ్యమును ఇయ్యనొల్లకుండుటయు, యెజెబెలు రాజు పేరట ఉత్తరములు వ్రాయించి ముద్ర వేసి పంపుటయు, ఇద్దరు దుష్టులు అబద్ధసాక్ష్యము పలుకుటయు, నాబోతు రాళ్లతో కొట్టబడి చచ్చుటయు వరుసగా చెప్పి ముగించితిని. అప్పుడు వెనుక వరుసలోని ఒక చిన్నవాడు లేచి, "అయ్యగారూ, నాబోతు ఆ తోటను ఇచ్చివేసిన యెడల బ్రతికియుండును గదా? రాజు దానికి బదులు ఇంకొక మంచి తోటనైనను క్రయమునైనను ఇచ్చెదననెను గదా?" అని అడిగెను.

తరగతిలో ఎవరును నవ్వలేదు. లైను ఇండ్లలో పుట్టి పెరిగిన బిడ్డలు అట్టి ప్రశ్నకు నవ్వరు. పెద్దవానితో వాదము పెట్టుకొనరాదని వారు తల్లియొడిలోనే నేర్చుకొనియుందురు. నేనప్పుడేదో యొక ఉత్తరము చెప్పితిని గాని అది నాకే తృప్తి కలిగింపలేదు. ఆ రాత్రి ఆలోచించుచుండగా, ఇదే ప్రశ్నను నూరేండ్లకు పైగా తమలో తాము అడిగికొని, దాని నిమిత్తము చెరసాలలకును ఉరికంబములకును పోయిన ఒక పట్టణపు జనులు నాకు జ్ఞాపకమునకు వచ్చిరి. అది స్కాట్లండు దేశపు ముఖ్యపట్టణమగు ఎడిన్‌బరో. వారు ఇశ్రాయేలు రాజుల చరిత్రను తమ ఇంటి చరిత్రవలె చదివినవారు గనుక, మొదట ఆ రాజులను గూర్చి కొంత చెప్పవలసియున్నది.

ఇశ్రాయేలీయులకు మొదట రాజు లేడు. అన్యజనులకున్నట్లు మాకును రాజు కావలెనని వారు సమూయేలు నొద్దకు వచ్చినప్పుడు, ఆ ముసలి ప్రవక్త రాజు ఏమేమి పుచ్చుకొనునో వారికి లెక్కపెట్టి చెప్పెను. కుమారులను పుచ్చుకొనును, కుమార్తెలను పుచ్చుకొనును, మంచి పొలములను ద్రాక్షతోటలను పుచ్చుకొనును. తుదకు మీరే అతనికి దాసులగుదురనెను. వారు వినలేదు. అయితే దేవుడు రాజును ఊరక విడువలేదు. ద్వితీయోపదేశకాండము పదునేడవ అధ్యాయములో రాజునకు విధింపబడిన పనిని చూడుడి. అతడు గుఱ్ఱములను విస్తారముగా సంపాదింపరాదు, వెండి బంగారములను మిక్కిలి కూర్చుకొనరాదు. సింహాసనముమీద కూర్చుండగానే ధర్మశాస్త్రపు ప్రతిని తనకొరకు వ్రాసికొని బ్రతుకు దినములన్నియు దానిని చదువుకొనవలెను. తన సహోదరులకంటె తన హృదయము హెచ్చింపబడకుండుటకే ఈ యేర్పాటు. చుట్టునున్న దేశములలో రాజు మాటయే శాసనము. ఇశ్రాయేలులో రాజునకు పైన ఒక పుస్తకముండెను.

ఆ పుస్తకమును మరచిన రాజుల క్రింద నలిగినవారెవరు? సొలొమోను కట్టించిన మందిరమును గూర్చి మన కీర్తనలలోను ప్రసంగములలోను ఎంతయో వినుచుందుము. దాని కూలిని గూర్చి వినము. అతడు వెట్టిపనికి పట్టించిన 30,000 మంది, నెలకు పదివేలమంది వంతున, ఒక నెల లెబానోనులోను రెండు నెలలు ఇంటియొద్దను ఉండిరి. బరువులు మోయువారు 70,000. కొండలలో రాళ్లు కొట్టువారు 80,000. వారిపై పని చేయించు అధికారులు 3,300 మంది. ప్రొద్దున పేరు పిలువగా పలికి పనిలోనికి దిగు మనకు ఈ లెక్కలు వట్టి అంకెలు గావు.

ఆ పనివారిపై అధికారిగా సొలొమోను ఏర్పరచిన యొక యౌవనుడుండెను. అతడు విధవరాలి కుమారుడు, మంచి పనివాడు. అతని పేరు యరొబాము. మన మాటలలో చెప్పవలెనన్న అతడొక మేస్త్రీ. సొలొమోను చనిపోయిన తరువాత జనులు అతనిని వెంటబెట్టుకొని షెకెముకు పోయి, క్రొత్త రాజగు రెహబాముతో, నీ తండ్రి పెట్టిన కాడిని కొంచెము తేలిక చేయుమని మనవి చేసిరి. పెద్దలు రాజుతో, ఈ దినము నీవు వీరికి సేవకుడవైన యెడల వీరు సదాకాలము నీకు సేవకులగుదురనిరి. రెహబాము తనతో పెరిగిన యౌవనుల ఆలోచన వినెను. కొరడాలకు బదులు కొరడాలకంటె చెడ్డదానిని చూపించెదననెను. తరువాత వెట్టిపనిమీది అధికారియగు అదోరామును వారియొద్దకు పంపగా వారతనిని రాళ్లతో కొట్టి చంపిరి. ఒక్క దినమున పది గోత్రములు చీలిపోయెను.

ఇక్కడ కథ ముగిసిన మనకు సంతోషముగా నుండును. ముగియలేదు. కాడి బరువు తెలిసిన యరొబాము రాజైన తరువాత, జనులు యెరూషలేముకు పోయిన యెడల తన రాజ్యము పోవునని భయపడి రెండు బంగారు దూడలను చేయించి, ఒకటి బేతేలులోను ఒకటి దానులోను నిలిపెను. బీదయింట పుట్టినంతమాత్రమున అధికారము మనిషిని చెరుపక మానదు. మనలో రెహబాములగుటకు సమర్థులు కొద్దిమందియే. యరొబాములగువారు ప్రతి లైనులోను ఉన్నారు. పది మందిపై అధికారము దొరకిన నాడును, ఇంటిలో ఒక భార్యపైనను నలుగురు బిడ్డలపైనను అధికారము దొరకిన నాడును, మనము వ్రాసికొనవలసిన ప్రతిని వ్రాసికొంటిమా?

ఇక ఎడిన్‌బరో పట్టణమునకు వత్తము. నేను దానిని చూచినవాడను కాను, చదివినవాడనే. ఎత్తైన యొక బండమీద కోట యున్నది. అక్కడనుండి ఒక పొడుగు వీధి పల్లమునకు దిగి హోలీరూడు అను రాజనగరునొద్ద ముగియును. ఆ రెంటి నడుమ సెయింట్ జైల్సు అను పెద్ద దేవాలయము, దాని ప్రక్కను రాజుల ప్రకటనలు చదువబడు సంతస్తంభము ఉన్నవి. ఆ దేవాలయములో ప్రసంగించిన జాన్ నాక్సు అను బోధకుడు 1561 మొదలు పలుమారులు హోలీరూడునకు పిలువబడి, మేరీ రాణి యెదుట నిలిచి మాటలాడెను. ఏలికకును దేవుని వాక్యము పైదియని ఆయన వెరవక చెప్పినది మెచ్చదగినదే. అయితే తనకు గిట్టని రాణులను యెజెబెలుతో పోల్చుట ఆయనకు అలవాటు. అది మనకు అక్కరలేదు. తనకు ఎదురుపలికిన ప్రతి స్త్రీకి ఆ పేరు పెట్టువారు మన సంఘములలోను లేకపోలేదు.

తరువాత మొదటి చార్లెసు రాజు తాను నియమించిన క్రొత్త ప్రార్థనపుస్తకమును సంఘములపై మోపగా, 1637 జూలై 23వ తేది ఆదివారమున సెయింట్ జైల్సు దేవాలయములో గొప్ప అల్లరి పుట్టెను. జెన్నీ గెడ్డెసు అను కూరగాయలమ్ము స్త్రీ తాను కూర్చున్న పీటను ఎత్తి పుస్తకము చదువువానిపై విసరెనని ఆ ఊరివారు నేటికిని చెప్పుదురు. మరుసటి సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదిని గ్రేఫ్రయర్సు అను దేవాలయములో ప్రభువులు జాతీయ నిబంధన అను పత్రమునకు చేవ్రాళ్లు చేసిరి. వెనువెంటనే బోధకులును సామాన్యజనులును చేసిరి. యోషీయా రాజు మందిరములో దొరకిన గ్రంథమును జనులందరికి చదివి వినిపించి నిబంధన చేసిన కథ వారి కన్నులయెదుట నుండెను. యోషీయా కాలమున రాజు జనులను నిబంధనకు పిలిచెను. ఇక్కడ జనులు రాజునకు దానిని జ్ఞాపకము చేయవలసివచ్చెను.

1644లో, ఆ పట్టణపు విద్యాలయములో చదివిన శామ్యూలు రూథర్‌ఫర్డు అను బోధకుడు "లెక్స్, రెక్స్" అను గ్రంథము ప్రకటించెను. ఆ లాటిను మాటలకు శాసనము, రాజు అని అర్థము. ఏది ముందున్నదో చూచితిరా! దావీదును దేవుడు సమూయేలుచేత అభిషేకింపజేసినను, హెబ్రోనులో పెద్దలు అతనితో నిబంధన చేసి అభిషేకించువరకు అతడు సింహాసనమెక్కలేదని ఆయన వాదము. దేవుడు జనులచేతనే రాజును నియమించును గనుక, రాజు శాసనమునకు లోబడినవాడే గాని దానిపై కూర్చుండువాడు కాడు. 1651 జనవరి 1వ తేదిని స్కోనులో రెండవ చార్లెసు కిరీటము ధరించిన దినమున, ఎడిన్‌బరో బోధకుడగు రాబర్టు డగ్లసు యాజకుడైన యెహోయాదా బాలుడగు యోవాషునకు కిరీటముపెట్టి నిబంధన చేయించిన అధ్యాయమునుండియే ప్రసంగించెను. చార్లెసు ప్రమాణము చేసెను. 1660లో అధికారము స్థిరపడగా అదంతయు మరచెను. రూథర్‌ఫర్డు గ్రంథము ఎడిన్‌బరో సంతస్తంభమునొద్ద కాల్చబడెను. రాజద్రోహమునకై విచారణకు రమ్మని ఆయనకు ఆజ్ఞ వచ్చునప్పటికి ఆయన మరణశయ్యపై నుండి, 1661లో దేహము విడిచెను.

ఇప్పుడు చెప్పబోవునది తోట కుటుంబములవారు ముఖ్యముగా వినవలసినది. 1679 జూన్ నెలలో బోత్‌వెల్ వంతెనయొద్ద నిబంధనవారు ఓడిపోగా, దాదాపు 1,200 మంది ఖైదీలు ఎడిన్‌బరోకు తేబడిరి. తమ తండ్రులు చేవ్రాలు చేసిన ఆ గ్రేఫ్రయర్సు ప్రక్కనున్న ఆవరణములోనే వారు నెలలకొలది ఆరుబయట ఉంచబడిరి. ఇకమీదట ఆయుధము పట్టమని పత్రము వ్రాసి యిచ్చినవారు అనేకులు విడువబడిరి. మిగిలినవారిలో 250 మందికి పైగా, సముద్రము ఆవలి తోటలలో పని చేయుటకై ఓడలో ఎక్కింపబడిరి. డిసెంబరులో ఆ ఓడ ఆర్క్నీ ద్వీపములయొద్ద పగిలిపోయెను. ఖైదీలు తప్పించుకొనకుండునట్లు ఓడ తలుపులు బిగింపబడియుండుటచేత సుమారు 200 మంది లోపలనే మునిగి చచ్చిరి. మన తాతలును ఓడలెక్కి తోటలకు వచ్చినవారే. అయితే వారిని పంపినది ఒప్పందపు కాగితము, వీరిని పంపినది రాజదండన; రెండును ఒకటేయనుట న్యాయము కాదు. అయినను ఓడ అడుగున కూర్చుండి తీరమును తలచుకొను మనిషి దుఃఖమేమో మన యింటివారికి వేరుగా చెప్పనక్కరలేదు.

వీరిని నిర్దోషులైన హతసాక్షులుగా మాత్రమే చెప్పువారు కొందరున్నారు. నేనట్లు చెప్పజాలను. అధికారము తమ చేత నున్న దినములలో నిబంధనవారును ఇతరులను చేవ్రాలు చేయుడని బలవంతపెట్టిరి, చేయనివారిని శిక్షించిరి. అహాబు ఇంటిని నిర్మూలము చేయుటకు లేచిన యెహూ కూడ దేవుని పేరటనే లేచెను. అయితే యెజ్రెయేలులో చిందిన రక్తమునకు యెహూ ఇంటివారిని శిక్షింతునని దేవుడు హోషేయచేత పలికించెను.

ఇన్ని జరిగిన పట్టణములో 1910 జూన్ నెలలో ప్రపంచ మిషనరీ మహాసభ కూడెను. వచ్చినవారు సుమారు 1,200 మంది. అందులో ఆసియా ఖండమువారు ఇరువదిమందికి లోపే. వారిలో నొకడు, తిరునెల్వేలి ప్రాంతమున పుట్టి, మన తెలుగుదేశమున దోర్నకల్లులో సువార్తపని చేయుచుండిన అజరయ్యగారు. అప్పటికి ఆయనకు 35 ఏండ్లు. ఆయన లేచి ఆ పెద్దల యెదుట, మిషనరీలు చేసిన త్యాగమును కృతజ్ఞతతో ఒప్పుకొనుచునే, వారు స్వదేశపు సేవకులను సమానులుగా చూచి తమ బల్లయొద్ద కూర్చుండబెట్టుకొనుట అరుదని నిర్భయముగా చెప్పి, మాకు ప్రేమ కావలెను, స్నేహితులు కావలెనని అడిగెను. వినినవారిలో కొందరికి అది కష్టముగా తోచెను.

అజరయ్య అను పేరు లేఖనములలోని అజర్యాయే. రాజుల గ్రంథములో అజర్యా యనబడు రాజునే దినవృత్తాంతములు ఉజ్జియా యనును. ఆయన 52 సంవత్సరములు ఏలి, బలవంతుడై, మనస్సున గర్వించి, యాజకులకు మాత్రమే తగిన ధూపమును తానే వేయుటకు మందిరములోనికి పోయెను. ఎనుబదిమంది యాజకులతో వెంటవచ్చి, ఇది నీ పని కాదు, బయటికి పొమ్మని చెప్పినవాని పేరును అజర్యాయే. ఒకే పేరు; ఒకడు గీత దాటెను, ఒకడు గీతను చూపెను. ఎడిన్‌బరోలో మాటలాడిన మన అజరయ్యగారు రెండేండ్లకు, 1912 డిసెంబరులో, ఆంగ్లికను సంఘమున మొదటి భారతీయ బిషపుగా అభిషిక్తులై, 1945లో ప్రభువునందు నిద్రించువరకు దోర్నకల్లు అధ్యక్షులుగా నుండి, పల్లెలలోని బీదజనుల మధ్య పాటుపడిరి. అధికారము తనకే వచ్చిన తరువాత ఆయన చేసిన పనిని మన పెద్దలు తెలిసికొనుట మంచిది.

మా బడిలోని చిన్నవానికి ఇదంతయు కొన్ని దినములు చెప్పితిని. నాబోతు తోటను అమ్ముకొనరాదనుట వట్టి మొండితనము కాదు. స్వాస్థ్యమును శాశ్వతముగా అమ్మరాదని ధర్మశాస్త్రమే చెప్పియుండెను. కనుక నాబోతు రాజుతో వాదింపలేదు. రాజు చదువవలసిన పుస్తకమును రాజునకు చదివి వినిపించెను. అహాబునకు ఆ సంగతి తెలియును. కావుననే అతడు తోటను ఊరక లాగుకొనక, మూతి ముడుచుకొని, భోజనము మాని, మంచముమీద పండుకొనెను.

వాడంతయు విని, "అయితే ఏలీయా ఎందుకు ఆలస్యముగా వచ్చెను? నాబోతు చచ్చిన తరువాత వచ్చెను గదా" అనెను. ఈ ప్రశ్నకు నాయొద్ద ఉత్తరము లేదు. మరల గ్రంథము తెరచి, యెజెబెలు ఉత్తరములను పంపినది ఎవరికో చదువుమంటిని. నాబోతు ఊరిలో, నాబోతుతో కూడ నివసించు పెద్దలకును సామంతులకును అని వాడు చదివెను. కొంతసేపు ఊరకుండి, "వీరందరు నాబోతు వీధివారే గదా అయ్యగారూ? ఆ ఉత్తరమును చించివేసినవాడు ఒక్కడును లేడా?" అని అడిగెను. వారి పేర్లు గ్రంథములో లేవని చెప్పితిని. గంట కొట్టిన తరువాతను వాడు ఆ పుటమీద వ్రేలు పెట్టుకొని చదువుచునే యుండెను.