జోడు కార్డులు.. జేబుకు చిల్లు!

ఆర్.కె.పేట: మరమగ్గాల ఊరు ఆర్.కె.పేటలో గేమ్స్ పిచ్చి ఉన్న కుర్రాళ్లు కంప్యూటర్ జోరు పెంచాలంటే తిరుత్తణిలో రైలెక్కి చెన్నై రిచీ వీధి దారి పడతారు. ఉన్న గ్రాఫిక్స్ కార్డుకు జతగా అలాంటిదే పాతది ఇంకోటి కొనాలా? దాన్ని అమ్మేసి పెద్దది ఒక్కటే వేయాలా? అమ్మానాన్నల కూలి డబ్బుతో ముడిపడ్డ ప్రశ్న ఇది.

రెండు మగ్గాలుంటే రెండు చీరలు దిగుతాయి. రెండు కార్డులు మాత్రం ఒకే బొమ్మను పంచుకుని నేయాలి. పోగు కలవకపోతే ఆట తడబడుతుంది. 8 జీబీ కార్డులు రెండు పెట్టినా గేముకు దక్కేది 8 జీబీయే. ఎందుకంటే ఒకే సరుకును రెండూ దాచుకోవాలి. కరెంటు, వేడి మాత్రం రెట్టింపు.

ఎన్విడియా 2004లో ఎస్ఎల్ఐ పేరుతో, ఏటీఐ 2005లో క్రాస్‌ఫైర్ పేరుతో జోడు కార్డులకు ఊపు తెచ్చాయి. ఆ రోజులు పోయాయి. 2021 జనవరి నుంచి ఎన్విడియా కొత్త ఎస్ఎల్ఐ ప్రొఫైళ్లు ఇవ్వడం మానేసింది. 2022లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 40 సిరీస్‌లో జోడించే కనెక్టరే లేదు. గేము సహకరించకపోతే రెండో కార్డు ఖాళీగా కూర్చుంటుంది.

బ్లెండర్‌లో బొమ్మలు చేసేవారికైతే రెండు కార్డులూ పనికొస్తాయి. ఆటకైతే ఒక్కటే మేలు. కొనేముందు ఎస్ఎంపీఎస్ ఎన్ని వాట్లదో, క్యాబినెట్‌లో కార్డు పొడవుకు చోటుందో చూసుకోండి.