వంకాయ మీద మీ మాటేమిటి?

"డాక్టరుగారూ, పురుగు పట్టని వంకాయ తింటే మనిషికేమైనా అవుతుందా?" భర్తకు బి.పి. చూపించడానికి వచ్చిన ఒక గృహిణి నన్నడిగారు. ప్రశ్న చిన్నదే, జవాబే కాస్త పొడుగు.

మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి జన్యువును వంగమొక్కలో పెడితే, మొక్కలో ఒక రకం మాంసకృత్తు తయారవుతుంది. కాయతొలుచు పురుగు దాన్ని తింటే పేగు దెబ్బతిని చస్తుంది. పురుగు పేగులో క్షారగుణం, మన జీర్ణకోశంలో ఆమ్లం. ఆ మాంసకృత్తు అతుక్కునే చోటు మన పేగుల్లో లేదు. కనుక హాని లేదన్నారు, ఎలుకలకు 90 రోజులు పెట్టి చూశామన్నారు. ఏళ్ల తరబడి తినే మనిషి మాటేమిటి, పరీక్షలు చేయించింది విత్తనం కంపెనీయే కదా అని ఇంకొందరు శాస్త్రజ్ఞులు అడిగారు. (వంకాయ తింటే దురద పుట్టేవారు మనలో ఎప్పటినుంచో ఉన్నారు. అది మామూలు వంకాయ పనే!)

2009 అక్టోబరులో నిపుణుల సంఘం సరేనంది. అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేష్ వెంటనే ఒప్పుకోలేదు. 2010లో హైదరాబాదుతో సహా ఏడు నగరాల్లో సభలు పెట్టి రైతులనూ, డాక్టర్లనూ, మామూలు జనాన్నీ మాట్లాడమన్నారు. దాదాపు 8,000 మంది వచ్చారు. కేకలూ లేకపోలేదు. ఫిబ్రవరి 9న అనుమతి నిలిపేశారు. బంగ్లాదేశ్ 2013లో అనుమతించింది.

ఇందులో డాక్టరుకేం పని అంటారా? ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆపరేషనుకు ముందు సమ్మతి పత్రం మీద వేలిముద్ర వేయించడం నా పని. "ఇక్కడ వెయ్యమ్మా" అనేవాణ్ణి, అంతే. కుట్లు విప్పేరోజున ఒక ముసలమ్మ, "నాలోంచి ఏం తీసేశారు నాయనా?" అంది. గర్భసంచి తీశాం. అవసరమైన ఆపరేషనే, ఆమె కోలుకుంది కూడా. అయినా తలెత్తలేకపోయాను.

2002 నుంచి మన దేశంలో బి.టి. పత్తి పండుతోంది. దాని గింజల నూనె మన వంటల్లోకి వచ్చింది. శుద్ధి చేసిన నూనెలో మాంసకృత్తు దాదాపు ఉండదు, భయం వద్దు. కాని మిమ్మల్నెవరైనా అడిగారా?

2024 జులైలో ఆవాల కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ అనుమతి విషయంలో విభేదించారు. అందరినీ సంప్రదించి జాతీయ విధానం తయారు చేయాలన్న దగ్గర మాత్రం ఒక్కటయ్యారు. అభిప్రాయాలు చెప్పమని ప్రకటన వస్తే ఒక కార్డు ముక్కయినా రాయండి. పరీక్ష ఎన్నాళ్లు చేశారు, ఎవరు చేశారు, పొట్లం మీద రాస్తారా అని అడగండి. చదువుకోలేదని వెనకాడకండి.

ఆ గృహిణికి ఇదంతా చెప్పాను. ఆయన బి.పి. 160 దాటింది. కూరలో ఉప్పు తగ్గించమన్నాను.