గెట్టు రాళ్ల కింద చిన్న పింజర

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ మెట్ట చేన్లలో గెట్టు రాళ్లు సర్దుతున్నారా? చెయ్యి పెట్టకముందే గడ్డపారతో లేపి చూడండి. రాతి నీడన చిన్న పింజర చుట్ట చుట్టుకొని ఉండొచ్చు. అడుగు, అడుగున్నర పొడవు, మట్టిరంగు. బెదిరితే ఒంటి పొలుసులు ఒకదానికొకటి రుద్ది, రంపం కోసినట్టు చప్పుడు చేస్తుంది. "గింత పాము ఏం జేస్తది?" అనుకునేరు! దీని విషానికి నెత్తురు గడ్డకట్టదు. వాపు కొంచెమే ఉన్నా, గంటల తర్వాత చిగుళ్ల నుంచి నెత్తురు కారవచ్చు. మంత్రం, పసరు అంటూ పొద్దు గడపొద్దు. తాడు బిగించొద్దు, గాటు పెట్టొద్దు; అసలే ఆగని నెత్తురాయె. కరిచిన కాలు కదపకుండా 108లో ఆస్పత్రికి తీసుకుపోవాలి. అక్కడ గాజు గొట్టంలో నెత్తురు తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకుంటే విరుగుడు మందు ఎక్కిస్తారు. ఆ మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ ఒక్కటే. పామును చంపి వెంట పట్టుకపోయే పనిలేదు.