యంత్రమునకు దుబాసి



పూర్వము దొరల కచేరీలలో దుబాసి యొకడుండెడివాడు. రైతు తెలుగున జెప్పుకొన్న మాటను దొరకు ఇంగ్లీషున వినిపించుట యాతని పని. దుబాసి రాని దినమున రైతు మొఱ యెంత న్యాయమైనదైనను దొరకు దెలియకుండెను. కంప్యూటరు నందును ఇట్టి దుబాసులు గలరు. వారిని మఱచినచో గలుగు చిక్కును ఇందు వివరించెదను.

యంత్రమునకు దెలిసిన భాష సున్నలును ఒకట్లును మాత్రమే. కొన్ని ప్రోగ్రాములను ముందుగనే ఆ భాషలోనికి మార్చి యుంచుదురు. పెర్లు (1987), పైథాను (1991) మొదలగు భాషల స్క్రిప్టులు మాత్రము వ్రాసిన రూపముననే యుండును. వానిని నడిపినప్పుడెల్ల ఇంటర్‌ప్రెటరు అను వేఱొక ప్రోగ్రాము చదివి పని జరిపించును. ఇదియే దుబాసి. స్క్రిప్టు మొదటి పంక్తిలో "#!" అను గుర్తులును, వాని వెనుక దుబాసి యుండు చోటును పేరును వ్రాయబడును. లైనక్సు ఆ పంక్తిని జూచి దుబాసిని బిలుచును. అతడచ్చట లేకున్న స్క్రిప్టు ఒక్క యడుగైనను సాగదు.

డెబియను (1993), ఫెడోరా (2003) మున్నగునవి వేలకొలది ప్రోగ్రాములను ప్యాకేజీలనెడు మూటలుగా గట్టి లోకమునకు బంచిపెట్టుచున్నవి. ప్రతి మూటతోను, అది పనిచేయుటకు గావలసిన యితర మూటల పేర్లు గల చీటి యొకటి యుండును. ఈ యక్కఱకే డిపెండెన్సీ యని పేరు. అయితే మూట కట్టువాని యంత్రమున పైథాను సదా యుండును గనుక, చీటిలో దాని పేరు మఱచినను అతనికి లోపము గనబడదు. ఎక్కడనో దూరమున, పైథాను లేని యంత్రము గలవాడు ఆ మూటను దెచ్చుకొని, అది నడువక, తన తప్పేమో యని చింతించును. ఒకని మఱపునకు వేఱొకడు శ్రమపడుట యిట్లు సంభవించుచున్నది.

దీనిని నివారించుటకు పనిముట్లు గలవు. ఫెడోరా వాడు ఆర్పీఎం, స్క్రిప్టుల మొదటి పంక్తులను తానే వెదకి చీటిలో దుబాసి పేరు చేర్చును. డెబియనులో మూట కట్టువాడు చీటియందు ఒక గుర్తు నుంచగా, డీహెచ్-పైథాన్3 అను పనిముట్టు ఆ గుర్తున్న చోట దగిన పేర్లను నింపును. పెర్లునకు డీహెచ్-పెర్లు గలదు.

పేరు మాత్రమే చాలదు. ఏ పైథానో కూడ దెలియవలెను. 2008 డిసెంబరులో వెలువడిన మూడవ పైథాను రెండవదానితో పూర్తిగా బొసగలేదు. రెండవదానిలో "ప్రింటు" అను ఆజ్ఞకు బ్రాకెట్లు అక్కఱలేదు. మూడవదానిలో అవి లేకున్న తప్పు. 2010లో ఆర్చి లైనక్సు "పైథాను" అను ఉత్త పేరును మూడవదానికిచ్చెను. డెబియనులో అప్పుడా పేరు రెండవదానిదే. ఒకే పంక్తి ఒకచోట నడచి వేఱొకచోట విఱిగెను. రెండవ పైథానునకు పోషణము 2020 జనవరి 1తో ముగిసినది. 2021లో వచ్చిన 11వ డెబియను ఆ ఉత్త పేరును తనంతట నెవ్వరికిని ఇయ్యలేదు. ఫెడోరాయో, సంఖ్య లేని పైథాను పంక్తి గనబడినచో మూట కట్టుటయే నిలిపి, రెండో మూడో తేల్చి చెప్పుమనును.

ఇంకొక యపాయము గలదు. మూటలను దెచ్చి యమర్చుటకు పూర్వము ఫెడోరాలో వాడిన యమ్ అను పనిముట్టే పైథానున వ్రాయబడినది. తెలియక యంత్రములోని పైథానును దీసివైచినచో, దానిని మఱల దెచ్చు సాధనము గూడ మూగవోవుచుండెను. నూతి లోతున జారవిడిచిన చేదను ఆ చేదతోనే తీయజూచినట్లగును! అందుచేత 12వ డెబియను (2023) వ్యవస్థకు జెందిన పైథానులో పిప్‌తో నేరుగా బయటి సరకు నింపనీయక, ప్రత్యేకముగ వేఱు గది యేర్పఱచుకొమ్మని చెప్పుచున్నది.

కావున స్క్రిప్టు వ్రాయ నేర్చుచున్న విద్యార్థులు మొదటి పంక్తిలో దుబాసి పేరును సంఖ్యతో స్పష్టముగ వ్రాయవలెను. పిమ్మట, ఏమియు అదనముగ జేర్చని కొత్త యంత్రమున దానిని నడిపి చూడవలెను. మన యింటనున్నది అందఱి యింటను ఉండునని తలంపరాదు గదా!