సాంచెల చెవుడేనా?

షోలాపూర్‌లో అశోక్ చౌక్ దాటి పేటల్లోకి నడిస్తే మనుషుల మాటకంటె ముందు సాంచెల చప్పుడు వినిపిస్తుంది. తెలంగాణ జిల్లాల నుంచి తరాల క్రితం వలస వచ్చిన మన పద్మశాలీలు అక్కడ దుప్పట్లు, టవళ్ళు నేస్తారు. ఆ మోతలో ముప్ఫై ఏళ్ళు నిలబడ్డ మనిషికి చెవి మందగించడం వింతేమీ కాదు. బ్యాంకు కౌంటరు దగ్గర ఎవరైనా అరిచినట్లు మాట్లాడితే, సాంచెల మనిషని మాకు తెలిసిపోయేది.

అందుకే 2009లో మా ఖాతాదారు ఒకాయన "సార్, పొద్దుగాల లేవంగనే ఎడమ చెవి బందైంది" అంటే, "సాంచెల చెవుడే అన్నా, ఏం చేస్తాం!" అన్నది నేనే. పక్కనున్న ఆయన భార్య మాత్రం, "రాత్రిళ్ళు చెమటతోటి బనీను తడుస్తున్నది సార్. మనిషి చిక్కిండు. ఎడమ డొక్క బరువంటున్నడు" అంది. ఈ మూడింటికీ చెవికీ లంకె ఉందని ఎవరికీ తోచలేదు. చెవిలో చుక్కలు వేసుకుంటూ మూడు వారాలు గడిపేశారు.

చివరికి ఒక చెవి డాక్టరు రక్తపరీక్ష రాశారు. తెల్లకణాలు మైక్రోలీటరుకు సుమారు 4,000 నుంచి 11,000 వరకు ఉండాలి. ఆయనకు మూడు లక్షలు దాటాయి. లుకేమియా, అంటే రక్త క్యాన్సరు. అందులోనూ నెమ్మదిగా ముదిరే మైలాయిడ్ రకం. డొక్కలో బరువు ఉబ్బిన ప్లీహానిది.

నేను కామర్స్ చదివినవాణ్ణి. డాక్టరుగారు చెప్పినదాంట్లో నాకు అర్థమైనంత చెబుతాను. లోపలి చెవికి రక్తం తెచ్చేది ఒకే ఒక సన్నని ధమని. అది మూసుకుపోతే పక్కదారి లేదు. తెల్లకణాలు లక్షల్లో పెరిగి రక్తం చిక్కబడితే ఆ దారిలో ప్రవాహం ఆగిపోవచ్చు. ప్లేట్‌లెట్లు పడిపోయిన రోగుల్లో చెవి లోపల రక్తస్రావం కావచ్చు. రోగకణాలే చెవిలోకి, వినికిడి నరంలోకి చేరవచ్చు. ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గి మధ్యచెవికి చీము పట్టడమూ ఉంది. ఇన్‌ఫెక్షన్ తగ్గడానికి ఇచ్చే అమికాసిన్ వంటి మందులు కూడా కొందరి వినికిడిని దెబ్బతీస్తాయి.

సాంచెల చెవుడు ఇలా రాదు. ఏళ్ళ తరబడి, సాధారణంగా రెండు చెవులకూ, కీచు ధ్వనులతో మొదలై వస్తుంది. ఒక్క రాత్రిలో ఒక చెవి పోయిందంటే కారణం లుకేమియా కావడం అరుదే. అయినా ఏ కారణమైనా సరే, చికిత్సకు ఒక్కో రోజూ విలువైనదే. మేము పోగొట్టింది ఇరవై ఒక్క రోజులు.

ముంబయి పరేల్‌లోని టాటా మెమోరియల్‌లో ఆయనకు ఇమాటినిబ్ బిళ్ళలు మొదలుపెట్టారు. 2001లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు, ఈ రకం రోగుల ఆయుష్షునే మార్చివేసింది. ఆయన రక్తం కొన్ని నెలల్లో దారికొచ్చింది. ఎడమ చెవి మాత్రం సగమే వచ్చింది.

ఆయన మళ్ళీ సాంచెల దగ్గరికే వెళ్ళాడు. ఇప్పుడు చెవులకు ప్లగ్గులు పెట్టుకుంటాడు. తోటివాళ్ళు నవ్వితే, "ఇగ మిగిలింది కుడిదే కదరా" అంటాడట.